కొత్త పీసీ బటన్ నొక్కితే చలనం లేదు: మొత్తం విప్పాలా, ఉన్నచోటే వెతకాలా?

నెల్లూరు_బిల్డర్:
బిల్డ్ నిన్న రాత్రి పూర్తయింది. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బి650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, 650 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై). గ్రాఫిక్స్ కార్డు ఇంకా రాలేదు. బటన్ నొక్కితే ఏమీ లేదు. ఫ్యాన్ తిరగదు, లైటు వెలగదు. వెనకాల స్విచ్ ఆన్‌లోనే ఉంది, అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతోంది. ఫ్రెండేమో బోర్డు బయటికి తీసి చూడమంటున్నాడు. అంత పొందిగ్గా సర్దిన కేబుళ్లన్నీ మళ్లీ పీకాలా?

అట్టపెట్టె_తాత:
పీకాల్సిందే తమ్ముడూ. కేబినెట్‌లో ఉంచి వెతికితే అన్నిటి మీదా అనుమానమే, దేని మీదా రుజువు ఉండదు. బోర్డు తీసి అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టు. వెండిరంగు కవరు మీద మాత్రం వద్దు, దాని పైపొర కరెంటు పారనిచ్చే రకం కావచ్చు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, సప్లై నుంచి బోర్డుకి వచ్చే 24 పిన్ కేబుల్, ప్రాసెసర్ పవర్ కేబుల్. ఇంకేం తగిలించకు. ఆన్ అయితే కేబినెట్‌లోనే ఎక్కడో తగులుతోందని అర్థం. కాకపోతే బోర్డో, ఎస్‌ఎమ్‌పీఎస్సో. బోర్డు కింద అక్కర్లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తిపట్టే చిన్న స్తంభం) ఒక్కటి ఉండిపోయినా షార్టే. విప్పితే గానీ అది కనపడదు.

ఎర్త్‌వైరు:
తాతగారూ, షార్ట్ అయితే చాలాసార్లు లక్షణం వేరేగా ఉంటుంది. నొక్కగానే ఫ్యాన్ ఒక్క క్షణం కదిలి ఆగిపోతుంది, లేదా సప్లైలో టిక్కుమంటుంది. రక్షణ సర్క్యూట్ కట్ చేసిందన్నమాట. ఈయనకి ఉలుకూ లేదు పలుకూ లేదు. అసలు ఆన్ అవ్వమన్న కబురు సప్లైకి చేరిందా అన్నది ముందు తేలాలి.

ఆ బటన్ ఏం చేస్తుందో చాలామంది పట్టించుకోరు. ఇంట్లో ఫ్యాను స్విచ్ లాగా అది కరెంటును కలపదు. ప్లగ్గు పెట్టి వెనక స్విచ్ వేస్తే చాలు, పీసీ ఆఫ్‌లో ఉన్నా సప్లై 24 పిన్లలో 9వ దాని మీద 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. బోర్డు దాని మీదే మెలకువగా ఉంటుంది. బటన్ నొక్కితే బోర్డు మీద రెండు చిన్న పిన్లు కలుస్తాయి. అప్పుడు బోర్డు 16వ పిన్‌ను గ్రౌండుకు లాగుతుంది, సప్లై అసలు వోల్టేజీలు వదులుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగిందో చూడ్డానికి సైడు తలుపు తీస్తే సరిపోతుంది.

నెల్లూరు తమ్ముడూ, బోర్డు మాన్యువల్‌లో ఫ్రంట్ ప్యానెల్ పిన్ల బొమ్మ ఉంటుంది. పవర్ స్విచ్ వైరు పీకేసి, ఆ రెండు పిన్లనీ స్క్రూడ్రైవర్ మొనతో అర సెకను తాకించు. పక్క పిన్లకి తగలనీయకు. ఫ్యాన్లు తిరిగితే తప్పు కేబినెట్ బటన్‌దో, దాని వైరుదో. ప్లస్సు మైనస్సు తేడా ఎల్‌ఈడీ వైర్లకే గానీ స్విచ్‌కి ఉండదు. వైరు తిరగేశావేమోనన్న బెంగ వద్దు.

తిరక్కపోతే 24 పిన్ కనెక్టర్‌ని క్లిప్పు పట్టేదాకా నొక్కు. కొత్త బోర్డుల్లో అది మొండిగా ఉంటుంది, ఎక్కినట్టే కనపడుతుంది గానీ పూర్తిగా ఎక్కదు. తర్వాత నాలుగైదు వందల మల్టీమీటర్ ఒకటి తెచ్చి 9వ పిన్ చూడు. 4.75కీ 5.25కీ మధ్య ఉండాలి. అక్కడ ఏమీ లేకపోతే పవర్ కార్డు మార్చి చూడు, అప్పటికీ లేకపోతే సప్లై పోయినట్టే. బోర్డు విప్పి లాభం లేదు.

క్లిప్పు_మామ:
ఇంత దేనికి? 24 పిన్ కేబుల్‌లో ఆకుపచ్చ వైరు (ఆ 16వ పిన్‌ది), నల్ల వైరు పేపర్‌క్లిప్‌తో కలిపితే సప్లై బతికుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఎర్త్‌వైరు:
మామా, ఇప్పుడొచ్చే కేబుళ్లు చాలావాటిలో అన్నీ నలుపే. లెక్క తప్పి 16 బదులు 14లో గుచ్చితే అక్కడ ఉండేది మైనస్ 12 వోల్టులు. పైగా కొన్ని సప్లైల్లో లోడ్ లేనప్పుడు ఫ్యాన్ తిరగదు. జనం అది చూసి చచ్చిపోయిందనుకుని వెనక్కి పంపేస్తారు. తిరిగినా లోడ్ పడితే నిలబడుతుందని గ్యారంటీ లేదు. చచ్చిందని అనుమానమొస్తే వాడొచ్చు. మొదటి పరీక్షగా మాత్రం వద్దు.

కౌంటర్_కుర్రాడు:
నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి చెబుతున్నా. మీరిద్దరూ విప్పాలా వద్దా అని కొట్టుకుంటున్నారు గానీ, విప్పినా పర్లేదు, ప్రాసెసర్ మాత్రం తీయొద్దు. నీ ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్5 రకంలో పిన్లు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ఒక్కటి వంగితే వారంటీ దగ్గర ఫిజికల్ డ్యామేజ్ అంటారు, ఇక ఎంత మొత్తుకున్నా వినరు. మా దగ్గరికి వచ్చే బోర్డుల్లో కొన్ని మొదట్లో బాగానే ఉండి ఉంటాయి, ఇంట్లో నాలుగుసార్లు ప్రాసెసర్ తీసి పెట్టడంతో పోయినవి. కూలర్ బోర్డు మీదే ఉంచి మొత్తంగా ఎత్తొచ్చు.

ఇంకోటి, మాడ్యులర్ సప్లై (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం) అయితే ఆ పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడాలి. వేరే కంపెనీది సాకెట్‌లో పట్టినా లోపల పిన్ల వరస వేరు. హార్డ్ డిస్కులు కాలిపోయిన కేసులు చూశాను.

నెల్లూరు_బిల్డర్:
అన్నా, స్క్రూడ్రైవర్ తాకించగానే ఫ్యాన్లు తిరిగాయి! కానీ మానిటర్ నల్లగానే ఉంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చోట పసుపు లైటు వెలుగుతోంది. హెచ్‌డీఎంఐ బోర్డుకే పెట్టాను.

అట్టపెట్టె_తాత:
ఇదిగో, వచ్చింది అసలు సంగతి. ర్యామ్ పోయింది లేదా స్లాటు పోయింది. ఇప్పుడైనా విప్పుతావా?

ఎర్త్‌వైరు:
ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. డీడీఆర్5తో మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌కి టైమింగులు కుదుర్చుకుంటుంది. మెమరీ ట్రైనింగ్ అంటారు. ఏఎమ్5లో దానికి చాలా నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. మధ్యలో కరెంటు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది. టీ పెట్టుకుని తాగి రా. అప్పటికీ రాకపోతే ఒక్క స్టిక్కు, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో.

నెల్లూరు_బిల్డర్:
బయోస్ (బోర్డు సెట్టింగుల తెర) వచ్చింది!! 32 జీబీ చూపిస్తోంది. కేబినెట్ బటన్ వైరు మల్టీమీటర్‌తో చూశా, నొక్కినా నొక్కకపోయినా తేడా లేదు. బటనే చచ్చింది. ఇప్పుడు కేబినెట్ వెనక్కి పంపాలా?

అట్టపెట్టె_తాత:
ఈసారికి బటన్ కాబట్టి సరిపోయింది. నా మాట ఇప్పటికీ అదే. కేబినెట్‌లో ఎక్కించకముందే టేబుల్ మీద ఒకసారి ఆన్ చేసి చూసుకుంటే ఈ తగువే ఉండదు. అది చేయనివాళ్లే తర్వాత విప్పాల్సొస్తుంది.

ఎర్త్‌వైరు:
ఎక్కించకముందు అంటే నాకూ సమ్మతమే, అప్పుడు ఖర్చేమీ లేదు. ఎక్కించాక విప్పడం మాత్రం చివరి మార్గం కావాలి. మనం ఒప్పుకోనిది అక్కడే.

కౌంటర్_కుర్రాడు:
బటన్ కోసం కేబినెట్ మొత్తం విప్పి పంపకు తమ్ముడూ. రీసెట్ స్విచ్ వైరు తీసి పవర్ పిన్లకి పెట్టు, రెండూ ఒకే రకం స్విచ్‌లు. రీసెట్ బటనే ఇక నీ పవర్ బటన్. అమ్మినవాడికి ఫోటో పంపి స్విచ్ ఒక్కటి అడుగు. గ్రాఫిక్స్ కార్డు వచ్చాక హెచ్‌డీఎంఐ బోర్డు నుంచి తీసి కార్డుకి పెట్టడం మర్చిపోకు.