లేపాక్షిలో నెమ్మదిగా ఒక చుట్టు: బసవన్న, వేలాడే స్తంభం, నాగలింగం ఏ వరసలో చూడాలి?

ప్రశ్న (హిందూపురం_బాట):
అమ్మానాన్నలతో, ఎనిమిదేళ్ల బాబుతో లేపాక్షి వెళ్లాలనుకుంటున్నాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. కారు ఒకచోట ఆపి, నడుచుకుంటూ అన్నీ చూసి మళ్లీ అక్కడికే చేరేలా దారి చెప్పగలరా? వేలాడే స్తంభం, పెద్ద నంది, పాము లింగం, సీతమ్మ పాదం, జటాయువు ఉన్నాయని విన్నాం. దేని తర్వాత ఏది చూస్తే తిరిగిన చోటే తిరగకుండా ఉంటుంది? పూర్తిగా ఎంతసేపు పడుతుంది?

జవాబు 1 (కూర్మశైలం):
దూరం గురించి దిగులు పడకండి. బసవన్న (పెద్ద నంది) దగ్గర కారు ఆపి బయల్దేరి గుడికి వెళ్లి, ప్రాకారం లోపల ఒక ప్రదక్షిణ చేసి వెనక్కి వస్తే మొత్తం రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది. తీరిగ్గా చూస్తూ తిరిగితే మూడు గంటలు. అసలు ఇబ్బంది ఎండతో వస్తుంది. వీరభద్రస్వామి గుడి కూర్మశైలం అనే రాతి గుట్ట మీద ఉంది, ఆవరణలో చాలాచోట్ల నేలంతా బండే. చెప్పులు బయట వదలాలి. ఎండాకాలంలో పదిన్నర దాటితే ఆ బండ మీద పెద్దవాళ్లు నిలబడలేరు, పిల్లలు పరుగులు పెడతారు. అందుకని చాలామంది చేసినట్టు నందితో మొదలుపెట్టకండి. పొద్దున్నే ముందు గుడి చూసేయండి. నందికి చెప్పులతోనే వెళ్లొచ్చు, అది తర్వాతకి ఉంచుకోండి. నూలు మేజోళ్లు ఒక జత సంచిలో పెట్టుకుంటే నాన్నగారికి పనికొస్తాయి.

గుడి ఉత్తరముఖం. ఆ ద్వారంలోంచి లోపలికి వెళ్లి ముందు నేరుగా నాట్యమండపంలోకి నడవండి. నీడలో చూడాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి. దర్శనం చేసుకుని బయటికి వచ్చాక గుడి మీకు కుడిచేతి వైపు ఉండేలా, అంటే మామూలు ప్రదక్షిణ లాగానే తిరగండి. తూర్పు వైపున నాగలింగం వస్తుంది. ఏడు పడగలు, మూడు చుట్లు, మధ్యలో లింగం, అంతా ఒకే బండరాయి. శిల్పుల తల్లి వంట చేస్తున్నంత సేపట్లో దాన్ని చెక్కేశారని కథ చెబుతారు. అదే బండకు వెనకవైపు పెద్ద వినాయకుడు ఉన్నాడు. నాగలింగం ముందు ఫొటో దిగి అటునుంచి అటే వెళ్లిపోయేవాళ్లు ఆయన్ని చూడరు. చుట్టూ తిరిగి వెళ్లండి.

అక్కణ్నుంచి నైరుతి వైపు నడిస్తే పైకప్పు లేని కల్యాణమండపం. ఆ చుట్టుపక్కలే నేల బండ మీద పెద్ద పాదం గుర్తు ఉంటుంది. సీతమ్మదని కొందరు, హనుమంతుడిదని కొందరు అంటారు. అందులో నీటి చెమ్మ ఉంటుంది, జాగ్రత్త, జారుతుంది. బండలో తొలిచిన గుండ్రటి పళ్లేలు కూడా చూపించండి. వాటిలో శిల్పులు భోంచేసేవారని ఒక మాట, రంగులు కలిపేవారని ఇంకో మాట. పక్కనే లతామండపం. ఆ స్తంభాల మీది నగిషీలు చీరల అంచులకు ఇప్పటికీ నమూనాలుగా వాడుతున్నారు, అమ్మగారిని అక్కడ కాసేపు కూర్చోబెట్టండి. చివరికి పడమటి గోడ మీద రెండు ఎర్రటి మరకలు కనిపిస్తాయి. రాజుగారి ఖజానా డబ్బుతో గుడి కట్టాడని నింద పడితే, ఆ గుడి కట్టించిన అధికారి విరూపణ్ణ తన కళ్లు తానే పీక్కుని గోడకేసి కొట్టాడని చెబుతారు. అక్కడితో చుట్టు పూర్తయి మళ్లీ ఉత్తర ద్వారానికి చేరతారు.

జవాబు 2 (గుడ్డ_పట్టినోడు):
నాట్యమండపంలోని వేలాడే స్తంభం గురించి రెండు ముక్కలు. అది నేలకు పూర్తిగా ఆనదు, అడుగు సందులోంచి గుడ్డ లాగి చూస్తారు. చాలామంది మందపాటి టవల్ మడతపెట్టి దూరుస్తారు, అది ఇరుక్కుంటుంది, 'ఇదంతా ఉత్తిదే' అనుకుని వెళ్లిపోతారు. అడుగున సందు అన్ని వైపులా ఒకేలా లేదు. ఒక మూల నేలను తాకినట్టే ఉంటుంది. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజనీరు దాన్ని కదిలించబోతే అలా పక్కకు జరిగిందని అక్కడ అందరూ చెప్పే మాట. కాబట్టి పల్చటి నూలు గుడ్డ తీసుకెళ్లండి. ఇద్దరు చెరో కొస పట్టుకుని, సందు ఎక్కువున్న వైపు నుంచి నెమ్మదిగా లాగండి. కాగితమైతే చిరిగి లోపలే ఉండిపోతుంది, తర్వాతవాళ్లకు అడ్డం. తాళంచెవులు, పుల్లలు దూర్చి తిప్పడం మాత్రం దయచేసి వద్దు. సెలవు రోజుల్లో దాని దగ్గర గుంపు ఉంటుంది. పొద్దున ముందు దాన్నే చూసేస్తే హాయి.

బాబుకి ఒక పని ఇవ్వండి: అదే మండపంలో మూడు కాళ్ల భృంగి (శివభక్తుడైన ముని) ఎక్కడున్నాడో వెతకమనండి. దొరికాక, ఒకే శరీరానికి మూడు తలలున్న ఆవును స్తంభాల మీది చిన్న బొమ్మల్లో వెతకమనండి. ఏవైనా రెండు తలలను చేత్తో మూస్తే మిగతాది మామూలు ఆవులాగే కనిపిస్తుంది. పెద్దవాళ్లు నెమ్మదిగా చూసుకోవడానికి మీకు అరగంట దొరుకుతుంది.

జవాబు 3 (పైకప్పు):
పైన చెప్పినవాళ్లు కప్పు మీది చిత్రాల మాట ఎత్తలేదు, అదొక్కటే నాకు నచ్చలేదు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల ప్రాంతంలో, పెనుకొండ అధికారులైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి ఇది. విజయనగర చిత్రకళ ఇంతగా మిగిలిన చోట్లు చాలా తక్కువ. శివపార్వతుల కల్యాణం, కిరాతార్జునీయం, అడవిపంది వేట అన్నీ నెత్తిమీదే ఉన్నాయి. గర్భగుడి ముందరి మండపం కప్పు మీద వీరభద్రుడు ఇరవై అడుగులకు పైనే ఉంటాడు.

మెడ నొప్పి పుట్టకుండా చూడాలంటే ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, తెర పైకి ఉండేలా అరచేతిలో పెట్టుకుని కిందికి చూడండి. మీ నాన్నగారికి ఇదే సుఖం. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. ఫ్లాష్ మాత్రం వేయకండి, రంగులు పాడవుతాయి. ఇది పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం, ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి కావాలి.

ప్రశ్న అడిగినవారు (హిందూపురం_బాట):
చాలా థ్యాంక్సండీ. అయితే నందిని, జటాయువును చివరికి పెట్టుకుంటాం. జటాయువు గుట్ట నాన్నగారు ఎక్కగలరా?

జవాబు 4 (కూర్మశైలం):
ఎక్కించొద్దు. పక్షి విగ్రహం బండగుట్ట కొసన ఉంది, పైదాకా మెట్లే. కింద నుంచి కూడా చక్కగా కనిపిస్తుంది, పెద్దవాళ్లకు అది చాలు. మీలో ఒకరు బాబును తీసుకుని పైకి వెళ్లండి, మిగతావాళ్లు నంది పక్కన చెట్ల నీడలో కూర్చోవచ్చు. వానపడ్డ రోజైతే బాబును కూడా ఎక్కించకండి.

నంది దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఏకశిల. ముందు నుంచి ఒక ఫొటో తీసుకుని వచ్చేయకుండా చుట్టూ తిరిగి మెడలో గంటల దండ చూడండి, దాంట్లో గండభేరుండం అనే రెండు తలల పక్షి ఉంది. నంది చూస్తున్నది గుడిలోని నాగలింగం వైపే. గోడలు లేకపోతే రెండూ ఎదురెదురే. నాగలింగం దగ్గర నిలబడినప్పుడే బాబుకి ఈ సంగతి చెప్పి ఉంచండి.

కారు గుడి దగ్గర కాకుండా నంది దగ్గరే ఆపండి. పొద్దున చల్లగా ఉండగానే గుడికి నడిచి వెళ్లొచ్చు. తిరిగొచ్చేసరికి నంది, జటాయువు, కారు ఒక్కచోటే ఉంటాయి. శివరాత్రి రోజుల్లో మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు, ఇంకో వారం చూసుకోండి.

జవాబు 5 (కొడికొండ_మలుపు):
బస్సులో వచ్చేవాళ్ల కోసం: హిందూపురం నుంచి సుమారు 14 కిలోమీటర్లు, బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి. కండక్టర్‌కి 'బసవన్న దగ్గర' అంటే చాలు. బెంగళూరు హైవే మీద నుంచి అయితే కొడికొండ చెక్‌పోస్టు దగ్గర తిరగాలి. పాత పోస్టుల్లో అనంతపురం జిల్లా అని ఉంటే కంగారుపడకండి, 2022 నుంచి ఇది శ్రీ సత్యసాయి జిల్లా.