పోటీ చట్టం అమలు చేసే అధికారులు లాయర్ల సంఘం సభలకు వెళ్లాలా, మానాలా?

హైకోర్టు రోడ్డు:
అమెరికాలో కంపెనీల మధ్య పోటీ దెబ్బతినకుండా చూసే సంస్థల్లో ఒకటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్. దాని ఛైర్మన్ ఆండ్రూ ఫెర్గూసన్ 2025 ఫిబ్రవరిలో ఒక ఆదేశం ఇచ్చారు. కమిషన్‌లో రాజకీయ నియామకంతో వచ్చినవాళ్లెవరూ లాయర్ల జాతీయ సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్‌లో పదవులు తీసుకోకూడదు, దాని సభలకు వెళ్లకూడదు, సభ్యత్వం రెన్యూవల్ చేసుకోకూడదు. ఆ సంఘం వామపక్ష రాజకీయాలు చేస్తోందన్నది ఆయన చెప్పిన కారణం. ఏప్రిల్‌లో న్యాయశాఖ కూడా అదే దారి పట్టి, తన లాయర్లు అధికార హోదాలో ఆ సంఘం కార్యక్రమాలకు వెళ్లకుండా ఆపేసింది.

దెబ్బ ఎక్కువగా తగిలింది ఆ సంఘంలోని యాంటీట్రస్ట్ (పోటీ చట్టం) సెక్షన్‌కి. 1952 నుంచి ఉన్న విభాగం అది. దాని ఏడాదంతా ఒక క్రమంలో నడుస్తుంది. శరదృతువులో వాషింగ్టన్‌లో ఒక సదస్సు, మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో స్ప్రింగ్ మీటింగ్, మధ్యలో కమిటీల చర్చలు, పుస్తకాలు, జర్నల్. ప్రభుత్వం ఏ కొత్త నియమం ముసాయిదా విడుదల చేసినా దానిమీద రాతపూర్వక అభిప్రాయం పంపుతారు. స్ప్రింగ్ మీటింగ్ చివరి రోజున కమిషన్ ఛైర్మన్, న్యాయశాఖ యాంటీట్రస్ట్ అధిపతి, యూరప్ అధికారులు ఒకే వేదిక మీద కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పడం ఈ నిషేధం దాకా ఏళ్లుగా సాగిన ఆనవాయితీ.

ఈ నిషేధం తప్పని నా అభిప్రాయం. చట్టాన్ని ఎలా అమలు చేస్తారో నలుగురి ముందు చెప్పాల్సిన బాధ్యత అధికారికి ఉంది. మీరేమంటారు?

గోదావరి గట్టు:
కారణం తప్పు, నిర్ణయం ఒప్పు అంటాను నేను. ఆ సభలో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది పెద్ద కంపెనీల తరఫున వాదించే లాయర్లు. ఈ ఏడాది కమిషన్‌లో ఉన్నవాళ్లు రెండేళ్లకు ఆ లా ఫర్ములలోనే చేరతారు, అక్కడివాళ్లు కమిషన్‌కి వస్తారు. రేపు ఉద్యోగం ఇవ్వబోయేవాళ్లతో ఇవాళ విందు చేసే అధికారి వాళ్ల క్లయింట్ మీద ఎంత గట్టిగా కేసు పెడతాడండీ?

ఇంకో మాట. పోటీ చట్టం గురించి పాఠాలు చెప్పే హక్కు లాయర్ల సంఘాలకు అంత తేలిగ్గా ఇవ్వకూడదు. 1975 నాటి గోల్డ్‌ఫార్బ్ కేసు చూడండి. వర్జీనియాలో ఒక దంపతులు ఇల్లు కొనుక్కుంటూ టైటిల్ (ఆస్తి హక్కు) పరిశీలనకి లాయర్‌ని వెతికారు. 36 మందికి ఉత్తరాలు రాస్తే 19 మంది జవాబిచ్చారు. స్థానిక బార్ సంఘం అచ్చువేసిన కనీస ఫీజు కన్నా తక్కువకి చేస్తానన్నవాడు ఒక్కడూ లేడు. అది ధరల కుమ్మక్కేనని సుప్రీంకోర్టు తేల్చింది. లాయర్ వృత్తి విద్వత్తుకు సంబంధించినది, దానికి అమెరికా పోటీ చట్టమైన షెర్మన్ చట్టం వర్తించదన్న వాదన ఆ రోజుతో పోయింది.

అంతెందుకు, 1995లో న్యాయశాఖ అమెరికన్ బార్ అసోసియేషన్ మీదే కేసు వేసింది. లా కాలేజీలకు గుర్తింపు ఇచ్చే అధికారాన్ని అధ్యాపకుల జీతాలు పెంచుకోవడానికి వాడుకున్నారన్నది ఆరోపణ. రాజీ డిక్రీ (రెండు పక్షాలూ ఒప్పుకున్న షరతులతో కోర్టు ఉత్తర్వు) అయ్యింది. దాన్ని సరిగ్గా పాటించనందుకు 2006లో 1,85,000 డాలర్లు కట్టారు. తను దావా వేసిన సంఘం వేదిక మీదే న్యాయశాఖ ఏటా వెళ్లి కూర్చోవడం నాకు నచ్చదు.

ఎల్ఎల్‌ఎం చదువుతున్న అమ్మాయి:
అన్నయ్యా, మీరు చెప్పిన రెండు కేసులూ నిజమే. కానీ ఆ సెక్షన్‌ని బయటినుంచి చూస్తే కనిపించేది విందులే. నేను ఇక్కడ అమెరికాలో చదువుతున్నాను కాబట్టి దాని రెండో ముఖం చెప్తాను.

యాంటీట్రస్ట్ కోర్సులో ఏ అంశం మీద పేపర్ రాయాలన్నా మా చేతికొచ్చేది ఆ సెక్షన్ ప్రచురించే కేసుల సంకలనమే. అన్ని ఫెడరల్ సర్క్యూట్ల (అప్పీలు కోర్టుల) తీర్పులనూ ఒకచోట చేర్చి, ఎక్కడ ఒకరితో ఒకరు విభేదించారో చూపిస్తుంది. దాన్ని రాసేది ప్రాక్టీసులో ఉన్న లాయర్లు, తమ పని మానుకుని.

2023 జులైలో కమిషన్, న్యాయశాఖ కలిసి కంపెనీల విలీనాల మార్గదర్శకాల ముసాయిదా ఇచ్చినప్పుడు 30,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. సామాన్యులు, డాక్టర్లు, రైతులు చాలామంది రాశారు. వాటిలో సెక్షన్ రాసింది కూడా ఉంది. అదేమీ రహస్యం కాదు, ఎవరైనా చదవొచ్చు, తప్పు పట్టొచ్చు. డిసెంబర్‌లో తుది రూపం వచ్చినప్పుడు ముసాయిదాలో చాలా మార్పులు చేశారు. ఎవరి మాటకు ఏ మార్పు వచ్చిందో పోల్చి చూసుకునే వీలుంది. హోటల్ గదిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదన్న భయం ఈ రాతలకు వర్తించదు కదా?

రాజకీయాల సంగతి కూడా చెప్పాలి. సెక్షన్ పంపే ప్రతి అభిప్రాయం మొదట్లోనే ఒక మాట ఉంటుంది: ఇది సెక్షన్ అభిప్రాయం, అసోసియేషన్ ప్రతినిధుల సభ ఆమోదించినది కాదు, సంఘం విధానంగా తీసుకోవద్దు అని. పెద్ద సంఘం మీద కోపంతో ఈ విభాగాన్ని శిక్షించడం అన్యాయం.

సిమెంట్ డీలర్, గుంటూరు:
లాయర్ని కాను. కానీ సంఘాల సభల్లో ఏం జరుగుతుందో మాకు తెలుసు. సిమెంట్ కంపెనీల మీద 2012లో మన సీసీఐ (పోటీ చట్టం అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా) దాదాపు 6,300 కోట్ల జరిమానా వేసింది. 11 కంపెనీలతో పాటు వాళ్ల సంఘం పేరు కూడా ఆ ఉత్తర్వులో ఉంది. సంఘం మీటింగుల్లో ఉత్పత్తి, ధరల వివరాలు పంచుకున్నారనీ, ఆ తర్వాత రేట్లు పెరిగాయనీ సీసీఐ అంది. 2015లో ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది, 2016లో మళ్లీ జరిమానా వేశారు, 2018లో అప్పీలు ట్రిబ్యునల్ సమర్థించింది, తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. బస్తా కొన్న మనిషికి ఇన్నేళ్లలో ఒక్క రూపాయి తిరిగి రాలేదు. మీటింగ్ అనే మాట వినగానే నాకు అనుమానం రావడం సహజం. లాయర్లు మాత్రం కలిసి కూర్చుంటే జనానికి మేలు చేస్తారని ఎలా నమ్మమంటారు?

హైకోర్టు రోడ్డు:
డీలర్ గారి అనుమానం న్యాయమైనదే. తేడా ఎక్కడుందంటే, సిమెంట్ సంఘంలో కూర్చున్నవాళ్ల దగ్గర ధర నిర్ణయించే అధికారం ఉంది. సెక్షన్‌లో కూర్చున్నవాళ్ల దగ్గర వాదన మాత్రమే ఉంది. ఆ వాదన నలుగురి ముందు జరిగితే జనానికి లాభం. లాయర్లు ఫీజు కోసం ఒక్కటైనప్పుడు చట్టం వదల్లేదు కూడా. వాషింగ్టన్‌లో పేదల క్రిమినల్ కేసులు చూసే లాయర్లు ఫీజు పెంచేదాకా కొత్త కేసులు తీసుకోబోమని 1983లో ఆపేస్తే, ఫెడరల్ ట్రేడ్ కమిషనే వాళ్లమీద చర్య తీసుకుంది. 1990లో సుప్రీంకోర్టు కమిషన్‌దే ఒప్పు అంది. ఆ లాయర్లు అడిగిన ఫీజు నిజంగా తక్కువే. వాళ్లమీద నాకు సానుభూతి ఉంది. అయినా కమిషన్ మొహమాటపడలేదు. సభల్లో కలిసి కూర్చున్నంత మాత్రాన అధికారి చేతులు కట్టేసినట్టు కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

గోదావరి గట్టు గారూ, మీరు చెప్పిన ఉద్యోగాల మార్పిడి నిజమైన సమస్య. కానీ అది సభ వల్ల పుట్టలేదు, సభ మానేస్తే పోదు. పెద్ద ఫర్ముల్లో భాగస్వాములకు కమిషన్‌లోని పాత సహోద్యోగుల ఫోన్ నంబర్లు ఎప్పుడూ ఉంటాయి. వేదిక మూసేస్తే నష్టపోయేది ఆ నంబర్లు లేనివాళ్లు: చిన్న ఊరి లాయర్లు, విద్యార్థులు, వినియోగదారుల సంఘాలు. అందరూ వినే ప్రసంగం పోతుంది, ప్రైవేటు పరిచయాలు మిగులుతాయి.

మన దగ్గర చూడండి. ఈ చట్టం కేసులు ఢిల్లీలో నడుస్తాయి. విజయవాడ, వరంగల్ బార్ సంఘాల్లో ఈ సబ్జెక్టుకి ప్రత్యేక విభాగం నేనెక్కడా చూడలేదు. 2023లో చట్టం సవరించారు, 2,000 కోట్లు దాటిన కంపెనీల కొనుగోళ్లు, విలీనాల డీల్స్‌కి కొత్త నియమం 2024 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో అభిప్రాయాలకు పెట్టారు. దాని మీద మందుల షాపులవాళ్లు, ఆన్‌లైన్‌లో అమ్ముకునే చేనేతవాళ్లు తెలుగులో చెప్పుకుంటే దాన్ని చట్టం భాషలో రాసి పంపే బృందం ఒక్కటైనా ఉండాలి. అమెరికా సెక్షన్‌లో నేను కోరుకునేది ఆ పని. విందులు వాళ్లకే ఉండనివ్వండి.

గోదావరి గట్టు:
రాతపూర్వక అభిప్రాయాల విషయంలో చెల్లెమ్మతో ఏకీభవిస్తాను. అవి ఉండాలి, వాటిని కమిషన్ చదవాలి. అధికారి స్వయంగా వెళ్లడం మీద మాత్రం నా మాట మారదు. తన ప్రసంగాన్ని కమిషన్ సొంత సమావేశంలోనే ఇవ్వొచ్చు, ప్రత్యక్ష ప్రసారం పెట్టొచ్చు, ప్రశ్నలు దేశంలో ఎవరైనా పంపొచ్చు. దానికి లాయర్ల సంఘం టికెట్టు కొనక్కర్లేదు.

హైకోర్టు రోడ్డు:
సొంత సమావేశంలో ఏ ప్రశ్న తీసుకోవాలో ఎంచుకునేది అధికారే. చట్టం బాగా తెలిసిన ప్రత్యర్థి ఎదురుగా నిలబడి, జవాబు సరిపోలేదని మళ్లీ అడిగే అవకాశం అక్కడ ఉండదు. నాకు ఆ రెండో ప్రశ్న కావాలి.