పళ్లు తోమేటప్పుడు రక్తం వస్తే అక్కడ బ్రష్ ఆపేయాలా?

ప్రశ్న: రోజూ ఉదయం తప్పకుండా పళ్లు తోముకుంటున్నా, కొన్ని వారాలుగా ఉమ్మిలో సన్నటి ఎర్రటి చార కనిపిస్తోంది. కింది ముందుపళ్ల వెనుక నాలుకకు గరుకుగా తగులుతోంది. రక్తం వచ్చే చోట బ్రష్ తగలనివ్వడం లేదు. ఇది సరైనదేనా?

జవాబు 1: దయచేసి ఆ చోటును వదిలేయకండి. చిగురు అంచున పేరుకున్న పాచి వల్లనే సాధారణంగా వాపు, రక్తస్రావం మొదలవుతాయి కనుక, తోమడం మానిన కొద్దీ సమస్య పెరుగుతుంది. మెత్తని బ్రష్‌ను చిగురు వైపు సుమారు 45 డిగ్రీలు వంచి, గట్టిగా నొక్కకుండా 2 నిమిషాలు తోమండి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి, రాత్రి తోమడమే మరింత ముఖ్యమని నా అభిప్రాయం. పళ్ల సందులను ఫ్లాస్ అనే సన్నని దారంతో శుభ్రం చేయాలి.

జవాబు 2: ఆ గరుకు బహుశా గార, అంటే గట్టిపడిన పాచి. అది బ్రష్‌తో పోదు, దంతవైద్యులే తొలగించాలి. పొగతాగే అలవాటు ఉంటే మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే పొగాకు చిగుళ్లకు రక్తప్రసరణను తగ్గించి, జబ్బు ముదురుతున్నా రక్తం కనబడనివ్వదు. మా అన్నయ్యకు పళ్లు కదిలేదాకా తెలియలేదు.

ప్రశ్నించినవారు: పొగతాగను, కానీ రాత్రి తోముకునే అలవాటు లేదు. ఈ రాత్రే మొదలుపెడతాను. ఫ్లాస్‌తో రక్తం వస్తే?

జవాబు 1: మొదటి కొద్దిరోజులు రావచ్చు. 2 వారాలైనా తగ్గకపోతే వైద్యులకు చూపించండి.