‘నవల’లో ‘లా’ ఎక్కడిది? విశేషాన్ ఉందా, లేదా?

గోదారి గట్టు: రెండు రోజులుగా ఒక ముక్క బుర్ర తినేస్తోంది. ‘నవల’ అన్న మాటకి పండితులు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు చెప్పిన వ్యుత్పత్తి, వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము గొడవల నాటిది. ‘నవాన్ లాతి గృహ్ణాతీతి నవలా’ (కొత్తవాటిని తీసుకునేది నవల) అనే గుర్తు. మధ్యలో ‘విశేషాన్’ (విశేషాలను) కూడా ఉందంటాడు మా తమ్ముడు. పందెం వంద రూపాయలు. ఎవరికైనా కచ్చితంగా గుర్తుందా?

అరసున్న: ఉంది. ‘నవాన్ విశేషాన్ లాతి గృహ్ణాతీతి’. వంద ఇచ్చేయండి.

పాతపుస్తకం: అరసున్న గారూ, ఉంటే ఉండొచ్చు గానీ దాంతో పనేముంది? సమాసంలో ఉన్నది ‘నవ’ ఒక్కటే. విశేషాన్ వివరణ కోసం ఎవరో తర్వాత చేర్చి ఉంటారని నా అనుమానం. పైగా లాతి అన్నా గృహ్ణాతి అన్నా తీసుకోవడమేగా! పక్కపక్కన రెండెందుకు?

అరసున్న: లాతి అంటే ఎంతమందికి తెలుస్తుంది మాస్టారూ? అందుకే పక్కన గృహ్ణాతి పెట్టారు. ‘లా ఆదానే’ ధాతువు. నవ + లా, దానికి క ప్రత్యయం, స్త్రీలింగంలో నవలా. రూపం శుభ్రంగా కుదిరింది.

పాతపుస్తకం: కుదిరింది కాదు, కుదిర్చారు. ఇంగ్లీషు నావెల్‌కి పట్టుపంచె కట్టి పీట మీద కూర్చోబెట్టారు. అయినా ఎంత బాగా కట్టారో!

కాకినాడ కాజా: తెలుగులో లాతి అంటే పరాయివాడు కదా! పరాయిది తెచ్చుకున్నాం కాబట్టి నవ + లాతి 😀

అరసున్న: అది లాఁతి. అరసున్న ఉంది.

కాకినాడ కాజా: మీరు అనకపోతే ఇంకెవరంటారు లెండి.

శ్రీరాగం: ఇంత దూరం వెళ్లక్కర్లేదు. నవల అంటే తెలుగులో స్త్రీ అని బ్రౌణ్యం (బ్రౌన్ నిఘంటువు) విప్పినా కనపడుతుంది. మగువ, నెలత, నవల. ఉన్న మాటకే కొత్త అర్థం తొడిగారు. చేమకూర వెంకటకవి దీని మీద శ్లేష కూడా ఆడాడని మా గురువుగారు చెప్పేవారు. ఆయన పద్యంలో చమత్కారం లేని పాదం ఎక్కడుంది గనక. విజయవిలాసం ఉలూచి ఘట్టం చదివితే...

పాతపుస్తకం: పద్యం పెట్టండి సార్.

శ్రీరాగం: పుస్తకం అటక మీద ఉంది. ఆదివారం దించి పెడతాను.

కృష్ణా బ్యారేజి: శ్రీరాగం గారి ఆదివారాలు మాకు తెలుసు. పోయిన ఉగాదికి మనుచరిత్ర పద్యం ఒకటి బాకీ.

దూరపు కొండ: నాదో సిద్ధాంతం. గుజరాతీలో నావెల్‌ని నవలకథా అంటారు. నందశంకర్ మెహతా ‘కరణ్ ఘేలో’ 1866లోనే వచ్చింది. మనకంటే ముందు. అక్కణ్ణుంచే మనకు దిగి, తోక తెగి ఉంటుంది.

అరసున్న: అక్కడ ల హ్రస్వం. మనకు నవలా సాహిత్యం, నవలా రచయిత్రి అని సమాసంలో దీర్ఘం వస్తుంది. విడిగా రాస్తే నవల. లత, లతామండపం లాగ, కథ, కథాసాహిత్యం లాగ. సంస్కృతం ఆకారాంతం తత్సమమైతే జరిగేది ఇదే. నవలిక కూడా చూడండి, మాలిక వరసలోనే ఉంది. గుజరాతీ నుంచి వస్తే ఆ దీర్ఘం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

దూరపు కొండ: సంస్కృత వ్యుత్పత్తి అల్లాక దాన్ని చూసి దీర్ఘం పెట్టడం మొదలెట్టి ఉండొచ్చుగా! ముందు కోడా, ముందు గుడ్డా?

పాతపుస్తకం: ఈ పాయింట్ కొట్టిపారేయలేం. చుట్టుపక్కల కూడా చూడండి: కన్నడంలో, మరాఠీలో కాదంబరి. బెంగాలీలో ఉపన్యాస్, మనం ఉపన్యాసం అంటే మైకు ముందు కొట్టే దంపుడు. తమిళంలో నావల్, అక్కడ అది నేరేడు చెట్టు కూడా. అందరూ పాత మాటకు కొత్త పని అప్పగించారు. శ్రీరాగం గారి ‘స్త్రీ’ అర్థాన్ని అందుకే పూర్తిగా తోసెయ్యను. ఇంగ్లీషు మాట చెవిన పడగానే చేతికందిన తెలుగు మాట అదే అయ్యుండాలి.

గోదారి గట్టు: అయ్యా, విశేషాన్ సంగతి?

పాతపుస్తకం: వస్తున్నా. అసలు వీరేశలింగం గారు తన పుస్తకాన్ని నవల అనలేదు. వచన ప్రబంధము అన్నారు. వివేకచంద్రిక అని ఇంకో పేరు. 1878లో తన పత్రిక వివేకవర్ధనిలో వాయిదాల మీద వచ్చింది, 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ తెలిగించబోయి, నచ్చక మానేసి రాసింది. అంతకుముందే, 1872లో, కర్నూలు డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ సెట్టి శ్రీరంగరాజ చరిత్ర వేసి నవీన ప్రబంధము అన్నారు. వైస్రాయి లార్డు మేయో ప్రకటన చూసి రాశానని చెప్పుకున్నారు కూడా.

కృష్ణా బ్యారేజి: మొదటి నవల ఏది అన్న గొడవ మళ్లీ మొదలా? టెన్షన్ వస్తోంది.

కాకినాడ కాజా: అయితే వివేకవర్ధని చందాదారులకి తాము చదువుతున్నది నవల అని తెలియదన్నమాట! ధవళేశ్వరం రథోత్సవంలో రాజశేఖరుడి కూతురు రుక్మిణి కాసులపేరు ఎవడో కొట్టేస్తాడు. తర్వాతి సంచిక వచ్చేదాకా ఆ దొంగ ఎవరా అని ఎదురుచూసి ఉంటారు. బంగారం చేస్తానని ఇంట్లో ఉన్నదంతా పట్టుకుపోయే బైరాగి దగ్గర నాకిప్పటికీ రాజశేఖరుడి మీద కోపం వస్తుంది. మా తాతగారి ప్రతిలో ఆ పేజీ అంచున పెన్సిలుతో ‘మూర్ఖుడు’ అని రాసుంది. బైరాగి గురించో రాజశేఖరుడి గురించో తేల్చుకోలేకపోయాం.

అరసున్న: రాజశేఖరుడి గురించే.

దూరపు కొండ: 1887లో హచిన్సన్ అనువాదం లండన్‌లో ‘ఫార్చ్యూన్స్ వీల్’ పేరుతో వచ్చింది. ఇంగ్లీషు నవలలో మొదలై, తెలుగులో తిరిగి, ఇంగ్లీషుకే చేరింది. అక్కడి పాఠకులకి మాత్రం అది అచ్చమైన నావెలే, వ్యుత్పత్తితో పనిలేకుండా.

గోదారి గట్టు: తమ్ముడు ఫోన్ చేశాడు. నవాన్ విశేషాన్ అన్నది ఖాయమేనా? ఎవరైనా అచ్చు పేజీ ఫొటో పెడితే వంద ఇచ్చేస్తాను.

పాతపుస్తకం: అరసున్న గారు చూసే చెప్పి ఉంటారు.

అరసున్న: చూడలేదు. మా మాస్టారు క్లాసులో చెప్పారు, నోట్సు రాసుకున్నాను.

గోదారి గట్టు: నాకూ క్లాసులోనే చెప్పారండీ, విశేషాన్ లేకుండా.

శ్రీరాగం: అటక ఎక్కాను. చేమకూర దొరకలేదు. మనుచరిత్ర దొరికింది, కృష్ణా బ్యారేజి గారి బాకీ తీర్చేస్తాను. వరూధిని ఘట్టం పెట్టనా, హిమాలయ వర్ణనా?

కృష్ణా బ్యారేజి: హిమాలయం. వరూధిని మొదలైతే ఈ గ్రూపు నెలాఖరుదాకా తేరుకోదు.