బ్లడ్ క్యాన్సర్ ఇండక్షన్‌లో షుగర్ పెరిగింది, పాపకు అన్నం తగ్గించాలా?

వరంగల్ నాన్న:
మా పాపకు 11 ఏళ్లు, బి-ఏఎల్ఎల్ (లుకేమియా, అంటే రక్త క్యాన్సర్‌లో ఒక రకం). ఇండక్షన్, అంటే కీమో మొదటి దశ నడుస్తోంది. రోజూ స్టిరాయిడ్, వారానికోసారి విన్‌క్రిస్టిన్, మధ్యలో ఆస్పరాజినేజ్ అనే కీమో మందులు. మొన్న షుగర్ 310 వచ్చి ఇన్సులిన్ మొదలుపెట్టారు. మా వంశంలో ఎవరికీ షుగర్ లేదు. పాపేమో అర్ధరాత్రి లేచి పెరుగన్నం అడుగుతోంది, వాళ్ల నానమ్మ కాదనలేక పెడుతోంది. తిండి తగ్గిస్తే కీమో బాగా పనిచేస్తుందని అమెరికా నుంచి మా బావమరిది ఫోన్. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

న్యూజెర్సీ కిరణ్:
ఆయన చెప్పింది 'ఐడియల్' అనే ట్రయల్ గురించి అయ్యుంటుంది. లాస్ ఏంజెలెస్‌ డాక్టర్లు చేశారు, 2021లో అచ్చయింది. 10 నుంచి 21 ఏళ్ల వాళ్లు 40 మంది. ఇండక్షన్‌లో కనీసం 10 శాతం క్యాలరీలు తగ్గించి, వ్యాయామం చేయించారు. అంతకుముందు అలాంటి చికిత్సే తీసుకున్న పిల్లలతో పోలిస్తే, ఇండక్షన్ చివర్లో ఎంఆర్‌డీ (చికిత్స తర్వాతా మిగిలిపోయే కొద్దిపాటి క్యాన్సర్ కణాలు) ఉండే ముప్పు తగ్గింది. కొవ్వు కణాలు డౌనోరుబిసిన్ అనే కీమో మందును పీల్చుకుని పనికిరాకుండా చేస్తాయని ల్యాబ్‌లో ముందే తేలింది. పెద్దావిడకు కోపం వచ్చినా సరే, అన్నం, స్వీట్లు ఇవాళే కట్ చేయండి.

అనంతపురం లలిత:
కిరణ్ గారూ, అది లాటరీ తీసి రెండు గుంపులుగా విడదీసిన ట్రయల్ కాదు. పాత పేషెంట్ల రికార్డులతో పోల్చారు. పైగా అక్కడ ఊబకాయం పెద్ద సమస్య, మన వార్డుల్లో బక్కచిక్కి వచ్చే పిల్లలే ఎక్కువ. వరంగల్ అన్నా, పాప బరువెంత?

వరంగల్ నాన్న:
26 కిలోలు. జబ్బు బయటపడే ముందు నుంచే సరిగ్గా తినడం లేదమ్మా.

అనంతపురం లలిత:
మరి ఆ పిల్లకా డైటింగ్! ఒంట్లో పోషకాలు లేని పిల్లలు కీమోని తట్టుకోలేరు, ఇన్ఫెక్షన్లు వస్తాయి, డోసులు ఆపాల్సి వస్తుంది.

పిల్లల వార్డు నర్సు:
అన్నం మీద నింద వేస్తున్నారు గానీ, ఈ షుగర్ మందులది. ఆస్పరాజినేజ్ రక్తంలోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఖాళీ చేస్తుంది. లుకేమియా కణం దాన్ని సొంతంగా సరిపడా తయారుచేసుకోలేదు కాబట్టి చస్తుంది. ఆ దెబ్బకే ఒంట్లో మామూలు ప్రోటీన్ల తయారీ కూడా మందగిస్తుంది. ఇన్సులిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే యాంటిథ్రాంబిన్, అన్నీ తగ్గుతాయి. స్టిరాయిడేమో కాలేయం చేత ఎక్కువ గ్లూకోజ్ తయారుచేయించి, ఉన్న కాస్త ఇన్సులిన్‌నీ పనిచేయనివ్వదు. రెండూ కలిస్తే వంశంలో లేకపోయినా షుగర్ వస్తుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) వెయ్యి దాటిన పిల్లల్ని కూడా చూశాం.

ఇంకో మాట. ఇన్సులిన్ వేశాక అన్నం గిన్నె దాచేస్తే లో-షుగర్ వచ్చి పిల్ల పడిపోతుంది. తిండి మార్చాలనుకుంటే ముందు డాక్టరుకు చెప్పండి, డోసు వాళ్లు మారుస్తారు. బాటిల్ జ్యూసులు, గ్లూకోజ్ పొడి, బిస్కెట్లు మాత్రం ఆపేయండి. స్టిరాయిడ్ కండను కరిగిస్తుంది కాబట్టి బాగా ఉడికించిన గుడ్డు, పప్పు, చికెన్ పెంచండి. అర్ధరాత్రి ఆకలి పాప మొండితనం కాదు, మందు ప్రభావం. తిట్టకండి. కడుపునొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో ఉంచొద్దు, ప్యాంక్రియాస్ వాచి ఉండొచ్చు.

న్యూజెర్సీ కిరణ్:
26 కిలోలని ముందే రాసి ఉంటే ఈ పాపకు అలా చెప్పేవాణ్ణి కాదు. కానీ ఇండక్షన్‌లో షుగర్ ఎక్కువగా ఉన్న పిల్లలకు ఇన్ఫెక్షన్లు ఎక్కువని కూడా పరిశోధనలున్నాయి. "పాపం, తిననీ" అనేది అందరికీ వర్తించదు. బొద్దుగా ఉన్న పదిహేనేళ్ల కుర్రాడైతే నా సలహా అదే. ఆ డాక్టర్లు ఇప్పుడు రాండమైజ్డ్ ట్రయల్ (లాటరీ తీసి విడదీసేది) కూడా మొదలుపెట్టారు.

అనంతపురం లలిత:
ఫలితాలు రానివ్వండి, అప్పుడు మాట్లాడదాం.

గుంటూరు వాసు:
కొంచెం పక్కదారి. మా వాడు మెయింటెనెన్స్‌లో (చివరి, ఎక్కువ కాలం సాగే దశలో) ఉన్నాడు, మాకు ఉల్టా సమస్య. 6-ఎంపీ (మెర్కాప్టోప్యూరిన్) అనే కీమో మాత్ర వేసుకునే పిల్లల్లో కొందరికి రాత్రి తిండి సరిగ్గా లేకపోతే పొద్దున్నే షుగర్ పడిపోతుంది. చెమటలు, నీరసం, చిరాకు. నడుములో సూది (వెన్నునీటిలోకి మందు ఎక్కించేది) ఉన్నరోజు పరగడుపున ఉంచుతారుగా, అప్పుడు జాగ్రత్త. మా డాక్టరుగారు మాత్ర పొద్దుటి పూటకు మార్చాక తగ్గింది. రాత్రి ఖాళీ కడుపుతోనే వేయాలనే పాత నియమం పాటించకపోయినా జబ్బు తిరగబెట్టడం పెరగలేదని 2017లో అమెరికా పరిశోధన ఒకటి చెప్పింది. అయినా సొంతంగా మార్చకండి.

వరంగల్ నాన్న:
అందరికీ థ్యాంక్స్. నర్సు గారి పోస్టు అమ్మకు చదివి వినిపించా, బిస్కెట్ డబ్బా పైఅరలోకి వెళ్లింది. పాప పెరుగన్నం మాత్రం వదలనంటోంది. ఈ ఇన్సులిన్ జీవితాంతమా? అదే టెన్షన్.

పిల్లల వార్డు నర్సు:
చాలామందికి స్టిరాయిడ్ ఆపాక షుగర్ మామూలుకొస్తుంది. పెరుగన్నం పెట్టండి, ఎంత పెట్టారో రాసి ఉంచి డాక్టరుకు చూపించండి. అయితే గ్లూకోమీటర్ ఎవరికీ ఇచ్చేయకండి. డిలేడ్ ఇంటెన్సిఫికేషన్ అనే తర్వాతి దశలో డెక్సామెథాసోన్ (ఇదీ స్టిరాయిడే), ఆస్పరాజినేజ్ మళ్లీ కలిసి వస్తాయి, షుగర్ అప్పుడూ పెరగొచ్చు.