న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్ళకు హోటల్, సొంత పౌరులకు సబ్‌వే బోగీ: ఇది న్యాయమేనా?

జెర్సీవాసి:
2022 వసంతం నుంచి న్యూయార్క్ నగరానికి రెండు లక్షలకు పైగా వలసదారులు వచ్చారు. కరోనా కాలంలో మూతపడ్డ రూజ్‌వెల్ట్ హోటల్‌ను 2023 మేలో వాళ్ళ కోసం తెరిచి, 2025 జూన్ దాకా నడిపారు. ఒక్కో కుటుంబానికి రోజుకు 380 డాలర్ల దాకా ఖర్చవుతోందని అప్పట్లో నగరపాలకులే చెప్పారు. అదే ఊళ్ళో సబ్‌వే (భూగర్భ రైలు) బోగీల్లో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న పౌరులు ఉన్నారు. వాళ్ళ విషయంలో ఎప్పుడు అడిగినా బడ్జెట్ లేదన్నవాళ్ళకి, ఇక్కడ మాత్రం డబ్బు రాత్రికి రాత్రి ఎలా పుట్టింది?

నేనూ వీసా మీద వచ్చినవాణ్ణే, వలసల మీద నాకు పగేమీ లేదు. కానీ ముందు నుంచి నిలబడ్డవాడు ముందు అనే వరస ఒకటి ఉండాలి కదా.

లెక్కలమాస్టారు:
ఆ ఊళ్ళో చట్టం ప్రకారం అలాంటి వరసే లేదండీ. 1979లో రాబర్ట్ హేస్ అనే కుర్ర లాయరు, బావరీ వీధిలో పడుకునే రాబర్ట్ కాలహన్ తదితరుల తరఫున కేసు వేశారు. అవసరంలో ఉన్నవాళ్ళను ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అని 1938లో న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. దాన్ని పట్టుకుని వాదించారు. 1981 ఆగస్టులో నగరం, రాష్ట్రం దిగొచ్చి ఒప్పందం రాసుకున్నాయి: ఇల్లు లేని మగవాడు అడిగితే ఆ రాత్రికి పడక చూపించాలి. తర్వాతి కేసులతో ఆడవాళ్ళకూ, కుటుంబాలకూ అదే వర్తించింది. కాలహన్ మాత్రం సంతకాలు పడకముందే చనిపోయాడు.

అందులో పౌరసత్వం షరతు పెట్టలేదు. 2022లో బస్సు దిగిన వలసదారుడు వాడుకున్నది ఇక్కడి నిరాశ్రయుడు సంపాదించిన హక్కునే. సబ్‌వేలో పడుకున్న మనిషి అడిగినా ఇవ్వాల్సిందే.

జెర్సీవాసి:
మరి ఎందుకు అడగట్లేదు మాస్టారూ? చలికాలంలో బోగీలో ఉండటం ఎవరికి సరదా?

రాత్రిడ్యూటీ:
అడిగితే ఇచ్చేది హోటల్ గది కాదు కాబట్టి. ఒంటరి మనిషికి దొరికేది సాధారణంగా పెద్ద హాల్లో పక్కపక్కన మంచాలు. దొంగతనాలు, కొట్లాటలు, రాత్రి ఇన్ని గంటలకల్లా లోపల ఉండాలన్న రూలు. మానసిక సమస్యలున్న మనిషికి ఆ గదిలో నిద్రపట్టదు. ఒకసారి వెళ్ళి దెబ్బలు తిన్నవాడు బోగీయే నయం అనుకుంటాడు.

ఇక్కడ అందరూ ఒక తేడా మర్చిపోతున్నారు. హోటల్ గదులు ఎక్కువగా పిల్లలున్న కుటుంబాలకు వెళ్ళాయి. పౌరుల కుటుంబాలకు కూడా షెల్టర్‌లో విడి గదే ఇస్తారు. ఒంటరి వలసదారుల్లో చాలామందిని రాండల్స్ ఐలాండ్ గుడారాల్లో మడత మంచాల మీద పడుకోబెట్టారు. పిల్లలున్న వలస కుటుంబాలను కూడా కొన్నాళ్ళు ఫ్లాయిడ్ బెనెట్ ఫీల్డ్ అనే పాత విమానాశ్రయంలో గుడారాల్లో ఉంచారు. మీరు హోటల్‌లోని కుటుంబాన్ని తెచ్చి బోగీలోని ఒంటరివాడి పక్కన నిలబెట్టి పోలుస్తున్నారు.

సూటిమాట:
కబుర్లు బాగున్నాయి. దేశం కోసం సైన్యంలో పనిచేసినవాళ్ళను హోటల్ నుంచి ఖాళీ చేయించి వలసవాళ్ళకు ఇచ్చారు కదా, 2023 మేలో. దానికేమంటారు?

లెక్కలమాస్టారు:
న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబర్గ్ దగ్గరి హోటల్ కథే కదా మీరు చెప్పేది? అది పచ్చి అబద్ధమని అదే నెలలో తేలిపోయింది. షెల్టర్‌లో ఉంటున్న మగవాళ్ళకు డబ్బు ఆశ చూపి, మాజీ సైనికులమని చెప్పమన్నారు. విలేకరులు ఆరా తీస్తే గుట్టు బయటపడింది. ఖండన వచ్చిందని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మాజీ సైనికుల అసలు లెక్క చూడండి. 2010లో దేశం మొత్తంలో ఒక రాత్రి లెక్కిస్తే 74 వేల మంది నిరాశ్రయులు. 2024 జనవరిలో 32,882. అదే 2024 లెక్కలో నిరాశ్రయులందరూ కలిపి 7,71,480 మంది, ముందటేడాది కన్నా 18 శాతం ఎక్కువ. (ఆ పెరుగుదలకు కొన్ని నగరాలకు వచ్చిన వలసలు కూడా ఒక కారణమని కేంద్ర గృహ శాఖే రాసింది, దాన్ని దాచను.) అందరూ పెరుగుతుంటే వీళ్ళు సగానికి పైగా ఎలా తగ్గారు? అద్దె వోచర్ (అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే పత్రం) ఇచ్చి, దానితోపాటు మాజీ సైనికుల ఆసుపత్రి నుంచి ఒక కేస్ వర్కర్‌ను కేటాయించారు. అద్దెతోపాటు మనిషి తోడు. మిగతా పేదలకు అద్దె సాయం, అర్హులైన ప్రతి నలుగురిలో ఒకరికే అందుతోంది.

జెర్సీవాసి:
మీరు చెప్పింది నా వాదననే బలపరుస్తోంది. తలుచుకుంటే చేయగలరు, పౌరుల విషయంలో తలుచుకోరు. బోస్టన్‌లోని రాక్స్‌బరీలో 2024 జనవరిలో జనం వాడుకునే రిక్రియేషన్ సెంటర్‌ను తీసుకుని వలసదారుల షెల్టర్ చేశారు. షికాగో సౌత్ షోర్‌లో మూసేసిన హైస్కూల్‌ను ఇస్తామంటే స్థానికులు కోర్టుకెళ్ళారు. రెండూ నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే పేటలే. దశాబ్దాలుగా అడిగినదేదీ రాని చోట్ల ఇలా చేస్తే కోపం రాదా? దాన్ని జాత్యహంకారం అంటే ఎలా?

నిలకడ:
ఆ కోపం న్యాయమైనదే. అది ఎవరి మీదికి మళ్ళుతోంది అన్నదే నా బాధ. టెక్సస్ గవర్నర్ అబాట్ వలసదారులను బస్సులెక్కించి న్యూయార్క్ లాంటి నగరాలకు పంపింది సరిగ్గా ఈ గొడవ పుట్టాలనే. వచ్చినవాడు ఆశ్రయం కోరుతూ దరఖాస్తు పెట్టాక 150 రోజులు ఆగితేగానీ పని పర్మిట్‌కు అప్లై చేయలేకపోయాడు. పని చేసుకోనివ్వరు, ఆపైన ఊరికే తింటున్నాడంటారు! ఈ సమస్య న్యూయార్క్ నగరాన్ని నాశనం చేస్తుందని మేయర్ ఆడమ్స్ 2023 సెప్టెంబరులో అన్నారు. మాస్టారు చెప్పిన ఆ షెల్టర్ కేసులో 2024 మార్చిలో కుదిరిన రాజీతో, పిల్లల్లేని పెద్దవాళ్ళయిన వలసదారులు షెల్టర్‌లో ఉండటానికి మామూలుగా 30 రోజులే గడువు పెట్టారు. పౌరులకు ఆ గడువు పెట్టలేదు. ఇది వలసదారులకు పెద్దపీట వేయడమెలా అవుతుంది?

సూటిమాట:
సరిహద్దు ముందే మూసుంటే ఈ చర్చే ఉండేది కాదు. ఒక్క మాటలో తేలిపోయేదానికి ఇన్ని పేరాలు.

లెక్కలమాస్టారు:
రాకపోకలు తగ్గాయి కదండీ. 2024 జనవరిలో నగర షెల్టర్లలో వలసదారులు 69 వేల దాకా ఉన్నారు, తర్వాత ఆ సంఖ్య బాగా పడిపోయింది. రూజ్‌వెల్ట్ మూసేశారు. ఆ డబ్బుతో సబ్‌వేలో ఉన్నవాళ్ళకు గదులిచ్చారన్న వార్త మీకెక్కడైనా కనిపించిందా? వీళ్ళ మీద ఖర్చు తగ్గితే వాళ్ళ మీద పెరుగుతుందన్న నమ్మకమే ఈ చర్చ మొత్తానికి పునాది, అదే నిలబడటం లేదు.

జెర్సీవాసి గారూ, మీ కోపానికి నేనొక చిరునామా ఇస్తాను. షెల్టర్‌కు చేరకముందే, ఇల్లు ఖాళీ చేయాల్సిన ప్రమాదంలో ఉన్నవాళ్ళకు కూడా అద్దె వోచర్ ఇవ్వాలని 2023లో నగర కౌన్సిల్ చట్టం చేసింది. ఖర్చు తట్టుకోలేమని ఆడమ్స్ వీటో చేశారు. జూలైలో కౌన్సిల్ ఆ వీటోను తోసిపుచ్చింది. అయినా అమలు చేయకపోతే 2024లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. చట్టం, వీటో, దాన్ని తోసిపుచ్చడం అన్నీ రూజ్‌వెల్ట్ తెరిచిన ఏడాదే. హోటల్ గురించి వంద వీడియోలు, దీని గురించి ఒక్కటీ లేదు.

సూటిమాట:
వోచర్ చేతికిస్తే ఇల్లు ఆకాశం నుంచి ఊడిపడుతుందా? ఖాళీలేవీ?

రాత్రిడ్యూటీ:
ఈ ఒక్క విషయంలో సూటిమాట గారిదే రైటు. 2023 సర్వేలో ఆ నగరంలో అద్దెకు ఖాళీగా ఉన్నవి 1.4 శాతం. 1968 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. తక్కువ అద్దె ఇళ్ళలో ఖాళీలు ఇంకా తక్కువ. వోచర్ చూపిస్తే ఇల్లు ఇవ్వననడం చట్టవిరుద్ధం, అయినా ఫోన్ ఎత్తని ఓనర్లు బోలెడు. ఎక్కడ ఎలాంటి ఇళ్ళు కట్టొచ్చో చెప్పే జోనింగ్ రూల్స్‌ను 2024 డిసెంబరులో సడలించారు. దానివల్ల 15 ఏళ్ళలో 80 వేల ఇళ్ళు అదనంగా వస్తాయని అంచనా. అక్కడ కూడా కొత్త ఇళ్ళకు పార్కింగ్ తప్పనిసరి అన్న రూలు పోకూడదని కొన్ని పేటలవాళ్ళు పట్టుబడితే, చాలా చోట్ల దాన్ని అలాగే ఉంచేశారు.

జెర్సీవాసి:
వోచర్ సంగతి ఒప్పుకుంటాను, అది ఇంత గొడవలో కొట్టుకుపోవడం అన్యాయమే. అయినా హోటల్ తెరవాలని ప్రకటించిన కొద్ది రోజుల్లో తెరిచారు, ఇళ్ళకేమో 15 ఏళ్ళంటున్నారు. ఆ 80 వేలల్లో షెల్టర్‌లో ఉన్న మనిషి కట్టగలిగిన అద్దెకు ఎన్ని వస్తాయో మాస్టారు లెక్క తీసి పెట్టండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.