సీసీఆర్‌ఎన్ గంటల లెక్క, ముందు ఏ సంఘంలో చేరాలి – సలహా కావాలి

నమస్కారం. అమెరికాలో ఐసీయూలో ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేస్తూ సీసీఆర్‌ఎన్ (క్రిటికల్ కేర్ నర్సింగ్ సర్టిఫికేషన్) తెచ్చుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.

ఆ పరీక్ష రాయడానికి నిబంధన తెలుసు: గత రెండేళ్లలో 1,750 గంటలు తీవ్ర అస్వస్థుల దగ్గర నేరుగా పనిచేయాలి, అందులో 875 దరఖాస్తుకు ముందరి ఏడాదివే అయ్యుండాలి. ఐదేళ్ల దారిలో అయితే 2,000, చివరి ఏడాదిలో 144. వారానికి 36 గంటల డ్యూటీ అంటే ఏడాదికి 1,872 కాబట్టి పైకి చాలా తేలిగ్గా కనిపిస్తుంది. చిక్కంతా ఫ్లోటింగ్‌తోనే (మన యూనిట్ కాకుండా వేరే యూనిట్‌కు పంపడం). జనరల్ వార్డుకు పంపిన షిఫ్టులు తీసేయాలి, పేస్లిప్పులో మాత్రం అన్నీ ఒకే గంటలుగా కలిసిపోతాయి. యూనిట్ వారీగా షెడ్యూలు విడిగా దాచుకోకపోతే ఆడిట్‌లో ఏం చూపించాలి? పేషెంట్లు లేకుండా ఛార్జ్ నర్సుగా (షిఫ్టు బాధ్యత చూస్తూ) ఉన్న షిఫ్టులు, కొత్తవాళ్లకు పని నేర్పే ప్రిసెప్టరుగా ఉన్న షిఫ్టులు మీరెలా లెక్కవేశారు? ఈ గంటలను ధ్రువీకరించే వ్యక్తిగా మేనేజరును ఇచ్చారా, తోటి ఆర్‌ఎన్‌నా?

ఇంకొకటి. క్రిటికల్ కేర్ నర్సుల సంఘం ఏఏసీఎన్‌లో సభ్యులకు పరీక్ష ఫీజు తగ్గుతుంది కాబట్టి ముందు అందులో చేరడమే సరైనదని నా అభిప్రాయం. (నర్సింగ్ కళాశాలల సంఘాన్ని కూడా ఏఏసీఎన్ అనే అంటారు, వెబ్‌సైటు సరిచూసుకోవాలి.) దానితోపాటు ఏఎన్ఏ (అమెరికా జాతీయ నర్సుల సంఘం), రాష్ట్ర నర్సుల సంఘం ఉమ్మడి సభ్యత్వం కూడా తీసుకున్నవాళ్లకు ఉద్యోగం మారేటప్పుడు నిజంగా అక్కరకొచ్చిందేమిటి? మెంటరింగా, ఉచిత సీఈ (నిరంతర విద్య) గంటలా, రాష్ట్ర స్థాయి పరిచయాలా?

స్టెప్‌డౌన్ యూనిట్ (ఐసీయూకీ జనరల్ వార్డుకీ మధ్యస్థాయి) గంటలే ఎక్కువున్నవాళ్లు పీసీసీఎన్‌కు (ప్రోగ్రెసివ్ కేర్ నర్సుల సర్టిఫికేషన్‌కు) మళ్లారా? ఎందుకో కూడా రాయండి.